పదును చెప్పే గొంతు

వాన వెలిసిన తెల్లారి ఓబుళపతి గట్టు మీద కూర్చుని, పిడికెడు మన్ను తీసి ముద్ద కట్టి చూశాడు. విత్తనానికి సరైన పదును, మన్నులో చాలినంత తడి ఉంది. ఒకప్పుడు ఆయన అలా చూసి తలూపితే గానీ ఊళ్లో విత్తే గొర్రు కదిలేది కాదు. రెండేళ్ల కిందట వాతావరణం ఆఫీసువాళ్లు వచ్చి, ఒక శాలువా కప్పి, ఆయన తెలివంతా గొంతుతో సహా యంత్రంలోకి ఎక్కించుకుని పట్టుకుపోయారు. ఇప్పుడది వాళ్లు పంచిన చెవిపూసల్లో ప్రతి రైతు చెవిలోనూ పలుకుతోంది. శాలువా మేకపిల్లకు పరుపైంది. అయినా ఒక్కరన్నా వచ్చి అడుగుతారేమోనని ఆయన ఆశ.

పక్క చేని లింగమ్మ విత్తనాల మూటతో వచ్చింది.

"అక్కా, నీ చేన్లో పదును చూడల్నా?"

"మళ్లీ ఎందుకబ్బా? తెల్లార్తోనే నా చెవిలో చెప్తివి గదా, ఇత్తుకోమని!"

"నేను యాడ చెప్తినక్కా?"

"నీ గొంతు నాకు తెలీదా? పోప్పా, ఎగతాళి!" అని నవ్వుకుంటూ సాగిపోయింది.

పూస చెప్పింది నిజమే. వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ పదును అడగడానికి ఎవరొచ్చినా ఓబుళపతి ముందు "సంగటి తింటివా?" అని పలకరించేవాడు. అది వానకు సంబంధించిన మాట కాదు గదా అనుకుని, ఆ ఒక్కటీ ఆఫీసువాళ్లకు చెప్పలేదు.

"అక్కా, సంగటి తింటివా?" అని కేకేశాడు.

లింగమ్మ తిరిగి చూడలేదు. ఆమె చెవిలో ఆయన గొంతే ఇంకా ఏదో చెబుతోంది.