మెట్ల కింద గది

మడత తలుపు ఒక్కసారిగా లోపలికి వాలి, చౌకట్టులో అడ్డంగా బిగుసుకుంది. మెట్ల కింద సామాన్ల గదిలో మాలతి చిక్కుబడిపోయింది.

"అత్తా! తలుపు పట్టేసింది!"

గదికి కిటికీ లేదు. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఇంకా రాలేదు. ఒకపక్క శనక్కాయల మూటలు, ఇంకోపక్క ఎండుమిరపకాయల బస్తా. ఘాటుకు కళ్లు మండుతున్నాయి.

వీధి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న భర్త బాలాజీ పరుగెత్తుకొచ్చాడు. బయటి నుంచి రెండు రెక్కలనూ తోశాడు. కిర్రుమన్నాయి గానీ కదల్లేదు.

"పగలగొట్టేస్తా. పక్కకు జరుగు."

"వద్దు! జరిగేదానికి ఈడ సోటు యాడుండాది? రెక్క నా మీదే పడతాది."

అత్త వరలక్ష్మమ్మ కూడా వచ్చింది. "వెంకటప్పను పిల్చకరాపోరా. ఈ తలుపు పెట్టింది ఆయనే కదా."

బాలాజీ తటపటాయించాడు. "మరి వాకిలి కాడ..."

"నేనుండాను కదా, నువ్వు పో!"

స్కూటరు చప్పుడు పుంగనూరు బజారు వైపు దూరమైంది. అత్త అడుగులు కూడా వాకిటి వైపు కదిలాయి.

"అత్తా, పోవద్దండి! నాకు తల తిరగతాంది. ఈడే ఉండి మాట్లాడతా ఉండండి."

కోడలి మాట విని వరలక్ష్మమ్మ వెనక్కి వచ్చింది. తలుపు ముందే చతికిలబడి, కింది సందులోంచి విసనకర్రతో విసరసాగింది.

"ఏం కర్మమే నాకు! ఒకతేమో అన్నం మానేసి గదిలో కూర్చుండాది. ఇంకొకతి ఈడ ఇరుక్కునింది."

అన్నం మానేసింది ఆడబిడ్డ రూప. మదనపల్లెలో డిగ్రీ చదివే పిల్లను పరీక్షల ముందు మాన్పించి, రెట్టింపు వయసున్న మేనమామతో పెళ్లి ఖాయం చేశారు. అప్పటి నుంచి ఆ పిల్లను గడప దాటనివ్వలేదు.

మాలతి చెమటతో తడిసిపోయింది. అత్త మాట ఆపితే చాలు, ఏదో ఒకటి అడుగుతోంది.

ఎట్టకేలకు బాలాజీ వడ్రంగి వెంకటప్పను వెంటబెట్టుకొచ్చాడు. వెంకటప్ప టార్చి వేసి తలుపు పైభాగం చూశాడు.

"రెక్కను పట్టి నిలబెట్టే పిన్ను పై పట్టాలో లేదు. లోపలే యాడన్నా పడుంటాది. తడిమి సూడమ్మా. బాలాజప్పా, నువ్వు ఈ రెక్క పట్టుకో. వదిల్తే మాలతమ్మ మీద పడతాది."

బాలాజీ రెక్కకు భుజం ఆనించి కదలకుండా నిలబడ్డాడు.

మాలతి చీకట్లో మూటల సందుల్లో తడిమింది. "దొరకలేదన్నా."

"నిదానంగా సూడు తల్లీ."

"లేదన్నా, ఈడ యాడా లేదు."

"ఇంకెంతసేపు?" బాలాజీ విసుక్కున్నాడు.

మెయిన్ రోడ్డు మీద బస్సు హారను రెండుసార్లు మోగింది. ఇంజను చప్పుడు మెల్లగా సన్నబడి, వినిపించకుండా పోయింది.

"దొరికిందన్నా!"

తలుపు కింది సందులోంచి పిన్ను బయటికి జారింది. వెంకటప్ప స్టూలెక్కి దాన్ని పట్టాలో కూర్చోబెట్టి, స్క్రూ బిగించాడు. రెక్కలు బుద్ధిగా మడుచుకున్నాయి. మాలతి బయటికొచ్చి గోడకు ఆనుకుని కూలబడింది.

"పాపం, ముఖమంతా ఎట్ల పీక్కపోయిందో సూడు," అంటూ వరలక్ష్మమ్మ లోపలికి కేకేసింది. "రూపా! వదినకు నీళ్లు తేవే!"

వరలక్ష్మమ్మ రూప గది వైపు అడుగేసింది.

"నిద్రపోతా ఉంటాది అత్తా, లేపొద్దండి," అంది మాలతి, తానే ఊడదీసి ఇంతసేపూ గుప్పిట్లో బిగించిన పిన్ను అరచేతిలో చేసిన గాటును కొంగులో దాచుకుంటూ, రూప ఎక్కిన కుప్పం బస్సు ఇంకా దారిలోని పలమనేరైనా చేరి ఉండదని లెక్క వేసుకుంటూ.