ఇంకొక్కడు

మధ్యాహ్నం మూడయింది. ఐదింటిలోగా ఇంకొక్కడు దొరకాలి.

ముగ్గురు డిగ్రీ కుర్రాళ్లని చేరిస్తే ఇంటికి పంపిస్తానని మేనేజరు మాటిచ్చాడు. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడోవాడి దగ్గరే బండి ఆగిపోయింది. గడువేమో ఇవాళే.

పొద్దున భార్య పంపిన వీడియో అతను ఇప్పటికి పాతికసార్లు చూశాడు. పాప గోడ పట్టుకుని నాలుగడుగులేసి కూలబడింది. కింద ఆవిడ ఇలా రాసింది: "నీ ఫొటో చూపిస్తే కొత్తవాళ్లని చూసినట్టు చూస్తోంది. ఈ నెలైనా వస్తావా?"

వస్తానని రాశాడు. పోయిన నెలా అదే రాశాడు.

చదువుకునే రోజుల్లో అతన్ని అందరూ నోట్సన్న అనేవారు. పరీక్షలొస్తే కాలేజీ మొత్తం అతని నోట్సే జిరాక్సు తీసుకునేది. అతను గీత గీసిన ప్రశ్న పేపర్లో వచ్చి తీరేది. అందుకే మేనేజరు అతన్ని ఏరికోరి ఈ పనిలో పెట్టాడు. "నేను చెప్తే ప్రకటన. నువ్వు చెప్తే అన్న మాట," అంటాడు.

కంపెనీ పేజీ, కాలేజీ గ్రూపులు, పాత స్నేహితుల తమ్ముళ్లు, చెల్లెళ్లు... ఎవర్నీ వదల్లేదు అతను. అందరికీ మెసేజీలు పెట్టాడు. చివరికి ప్లేస్‌మెంట్ సారుని బతిమాలితే, ఆయన ఫైనలియర్ పిల్లలందర్నీ సెమినార్ హాల్లో పెద్ద తెర ముందు కూర్చోబెట్టాడు.

అతను చొక్కా సరిచేసుకుని కెమెరాలోకి నవ్వాడు. మేనేజరు కెమెరాకి అందకుండా పక్కనే కుర్చీ లాక్కున్నాడు.

"గది, తిండి అన్నీ ఆఫీసువాళ్లే చూసుకుంటారు. బస్సుల వెంట పరిగెత్తే పన్లేదు. కస్టమర్లతో చాటింగ్ చేయడమే ఉద్యోగం. మీరు పొద్దస్తమానం ఊరికే చేసేదానికి మేం జీతమిస్తాం!"

హాలు గొల్లుమంది.

ముందు వరసలో కళ్లజోడు అమ్మాయి లేచింది. "అన్నా, మీ పేజీలో ఫొటోలన్నీ ఒకే సోఫా మీదున్నాయేంటి?"

"ఏం చేయమంటావమ్మా? మా మొహాలు ఆ సోఫా మీదే కాస్త బాగుంటాయి."

మళ్లీ నవ్వులు. కళ్లజోడు అమ్మాయి మాత్రం నవ్వలేదు. "పోనీ, మీరే ఒకసారి కాలేజీకి రావచ్చుగా?"

"సెలవు దొరకొద్దూ తల్లీ!"

పిల్లలు నవ్వుకుంటూ లేచి వెళ్లిపోయారు. ఫారం ఒక్కరూ నింపలేదు.

నాలుగున్నర.

"నవ్వించడానికి పెట్టుకోలేదు నిన్ను," అన్నాడు మేనేజరు. "ఇవాళ కాకపోతే ఇంటి మాట మర్చిపో."

అతను ఫోన్లో నంబర్లన్నీ తిరగేశాడు. బక్కోడి పేరు దగ్గర ఆగాడు. ఇదివరకు రెండుసార్లు ఆ పేరు దాకా వచ్చి దాటేశాడు. హాస్టల్లో తన గదిలో పడుకుని, తన కంచంలో తిన్నవాడు. ఇప్పటికి పంతొమ్మిది ఇంటర్వ్యూల్లో తిరగ్గొట్టారు వాణ్ని.

ఫోన్ చేశాడు.

"అన్నా! నువ్వేనా? బతికించావు. మా ఇంట్లో నన్ను చూస్తే టీవీ సౌండు పెంచుతున్నారన్నా, నాతో మాట్లాడాల్సొస్తుందని!"

అతను నవ్వబోయాడు. ఆపుకుని అసలు విషయంలోకి దిగాడు.

"ఒరేయ్, మా దగ్గర ఒక ఖాళీ ఉంది. వస్తావా?"

"నువ్వు చెప్తే కళ్లు మూసుకుని వస్తా. ఒక్కటే చెప్పు, చోటు మంచిదేనా?"

మేనేజరు గడియారం వంక చూశాడు. అతను కళ్లు మూసుకున్నాడు. కళ్ల ముందు పాప గోడ పట్టుకుని నిలబడింది.

"మంచిదేరా."

"నువ్వుంటావుగా?"

"ఉంటాన్రా. నేనుండగా నీకేంటి?"

"అమ్మా, ఉద్యోగం!" అని అటు వాడు పెట్టిన కేక ఇటు గదంతా వినిపించింది. అతను ఫోన్ పెట్టేసి, మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

సరిగ్గా ఐదింటికి మేనేజరు బీరువా తెరిచి, చేరిన రోజున లాక్కున్న పాస్‌పోర్టుని అతని ముందు పడేసి, పదకొండు నెలల్లో మొట్టమొదటిసారి అతని కోసం బయటివైపు తాళం తీయమని కాపలావాడికి కేకేశాడు.