పదకొండు దాకా నత్త

ఆసుపత్రి తలుపులు తీసి గంటైనా కాలేదు, చీటీలిచ్చే కౌంటరు ముందు వరుస గేటు దాటింది. కంప్యూటరు ఒక్కో రోగి పాత వివరాలు వెతకడానికి ఆపసోపాలు పడుతోంది. పదకొండు దాటితే అదే లేడిపిల్లలా పరుగెడుతుంది. మర్నాడు పొద్దున కథ మళ్లీ మొదటికి.

"అల్లుడుగారూ, జీతం ఇస్తున్నది మీకా, ఆ నత్తకా?" అన్నారు మామగారు, అందరూ వింటుండగానే.

ఆసుపత్రి ఆయనది. డేటాబేసు అల్లుడి చేతిలో ఉంది. అత్తింట్లో అల్లుడి పరువు ఆ డేటాబేసు చేతిలో ఉంది.

మామగారికి శుభ్రం పిచ్చి. అందరికంటే ముందొచ్చి చెత్తబుట్టలు స్వయంగా దులుపుతారు. సగం తాగిన టీ కప్పు కింద పెడితే చాలు, కడిగి బోర్లించేస్తారు. పెళ్లయ్యాక అల్లుడు పూర్తి టీ తాగిన పాపాన పోలేదు.

"మామయ్యగారూ, ఒకసారి అడిగిన వివరాల్ని అది మెమరీలో దగ్గర పెట్టుకుంటుందండీ. మళ్లీ అడిగితే ఠక్కున ఇస్తుంది. మెమరీలో లేకపోతే డిస్కంతా గాలించాలి. పొద్దున్నే ఎందుకో అన్నీ మర్చిపోయి కూర్చుంటోంది."

"అయితే ఏం చెయ్యాలంటారు?"

"మెమరీ పెంచాలండీ."

పెంచారు. వివరాలు దగ్గర పెట్టుకునే చోటును కూడా అల్లుడు సెట్టింగుల్లో రెట్టింపు చేశాడు. తెల్లవారుజామున కరెంటు పోయి మెమరీ తుడిచిపెట్టుకుపోతోందేమోనని సర్వరుకి కొత్త బ్యాటరీ పెట్టించాడు. నత్త మాత్రం నత్తే.

"పోనీలెండి, మీరు మాత్రం ఏం చేస్తారు," అంది భార్య. అది ఓదార్పో వెటకారమో అతనికి తేలలేదు.

బావమరిది మాత్రం వచ్చి అతని కుర్చీలో కూర్చుని, ఎత్తు సరిచేసుకున్నాడు. "ఊరికే చూస్తున్నా బావా," అన్నాడు.

ఓ రోజు పొద్దున కౌంటరు దగ్గర ఒక ముసలాయన వరుసలోనే సొమ్మసిల్లాడు. మామగారు అల్లుణ్ని గదిలోకి పిలిచారు.

"సోమవారం నుంచి మీ సీట్లో మావాడుంటాడు."

అల్లుడికి నిజంగానే ఏడుపొచ్చింది. "నేను చెయ్యని ప్రయత్నం లేదు మామయ్యగారూ!"

"ఏం ప్రయత్నం? సర్వరు తెర మీద మెమరీ తొంభై శాతం నిండిపోయిందని ఎర్రగా మొత్తుకుంటున్నా, దాన్నలాగే వదిలేసి సాయంత్రం చక్కా ఇంటికి పోతారు.

"రోజూ అందరికంటే ముందొచ్చి, స్విచ్చి ఆపి, మళ్లీ వేసి, దాన్ని నా చేతుల్తో శుభ్రంగా ఖాళీ చెయ్యబట్టి గానీ, లేకపోతే ఈ ఆసుపత్రి ఈపాటికి మూతపడేది!"