ఐదో కాంటాక్టు

లైనులో లోపం వస్తే బ్రేకరును పడగొట్టి కరెంటు ఆపే పెట్టె రిలే. దాని కాంటాక్టులను పరీక్షించడానికి ఆమె ఆ రాత్రి సబ్‌స్టేషనుకు వచ్చింది. ల్యాప్‌టాప్‌లో బటన్ నొక్కితే రిలేలో టక్కుమని కాంటాక్టు కలవాలి, చేతిలోని మీటరు కుయ్‌మనాలి. మొదటి నాలుగూ సరిగ్గానే పలికాయి. ఐదోది మాత్రం ఆమె నొక్కకముందే టక్కుమంది.

"దీనికి నాకంటే తొందర!" అని నవ్వుకుని వేలు వెనక్కి తీసుకుంది. మళ్లీ టక్కుమంది.

ముసలి ఆపరేటరు గుమ్మంలోంచి అడిగాడు. "అయిందా అమ్మాయ్? ఆసుపత్రి లైనుకు కరెంటు ఇచ్చేయమంటావా?"

"ఒక్క నిమిషం బాబాయ్. ఇది తనంతట తనే కలుస్తోంది. ఇలాగే వదిలేస్తే ఏ ఆపరేషను మధ్యలోనో కరెంటు పోతుంది."

ఆమె రిలేకు సరఫరా ఆపేసింది. దాని తెర నల్లబడింది. వైర్లన్నీ విప్పి, పెట్టెను బయటికి లాగి ఒళ్లో పెట్టుకుంది. భయం లేకపోలేదు కానీ, తెలుసుకోవాలన్న ఆరాటమే ఎక్కువగా ఉంది. మీటరు మొనలు రెండూ ఐదో కాంటాక్టుకు ఆనించింది.

కరెంటే లేని పెట్టె ఒళ్లో టక్కుమంది. మీటరు కుయ్‌మంది.

"లైను ఇవ్వకండి బాబాయ్," అంది ఆమె నెమ్మదిగా. "మీరూ ఒకసారి ఇలా వచ్చి వినండి."