వరుసలో లేని మనిషి

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, ఎండాకాలం.

ఆదోనిలో ఆ వీధికంతటికీ ఒకటే కొళాయి. నీళ్లు తెల్లవారుజామున అయిదింటికి వచ్చేవి, ఆరింటికల్లా ఆగిపోయేవి.

కొళాయి దగ్గర కడవల వరుసకు పెద్ద సావిత్రమ్మ. పత్తి మండీ గుమాస్తా భార్య. నాలుగింటికే లేచేది కాబట్టి ఆ పెద్దరికం ఎవరూ ఇవ్వకుండానే వచ్చింది.

కడవ పెట్టి పోతే చాలదు, కడవ వెనక మనిషి నిలబడాలి. అది ఆమె పెట్టిన కట్టుబాటు. దానివల్ల తగాదాలు తగ్గిన మాట నిజమే.

తెల్లవారుజామున లేచేవాళ్లకు లోకంలో ఒక సుఖం ఉంది. మిగతావాళ్లను సోమరులనొచ్చు.

ఆ వీధికి మాదన్న అనే అతను కొత్తగా అద్దెకు వచ్చాడు. వెంట మంచం పట్టిన తల్లి ఈరమ్మ.

రోజూ పొద్దుగూకే వేళ తన కడవ వరుసలో పెట్టి ఎటో పోయేవాడు. మర్నాడు పొద్దున ఏడింటికి తిరిగొచ్చేసరికి అది ఖాళీగా పక్కన పడి ఉండేది. పల్లెత్తు మాట అనేవాడు కాదు. కడవ భుజాన పెట్టుకుని మైలు దూరంలోని ఉప్పునీళ్ల బావికి పోయి వచ్చి, పడుకుంటే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు.

వీధికి ఈ మనిషి అర్థం కాలేదు.

తాగుబోతు అనుకుందామంటే వాసన లేదు. పేకాటరాయుడు అనుకుందామంటే గెలిచిన కళా లేదు, ఓడిన ఏడుపూ లేదు.

చేతులకు ఎప్పుడూ నూనె మరకలుంటాయని పక్కింటి జయమ్మ కనిపెట్టింది. తలుపు బందులకు నూనె పోసి చప్పుడు కాకుండా తీసే దొంగలుంటారని ఎవరో అన్నారు. ఆ రోజు నుంచి అందరూ గడియలు రెండేసి సార్లు చూసుకున్నారు. ఎవరింట్లోనూ గరిటె కూడా పోలేదు. అదీ అర్థం కాలేదు.

దొంగ అయితే తల్లికి అంత ఓపికగా తల దువ్వుతాడా అని సావిత్రమ్మకు అనుమానం. ఆ అనుమానం ఆమెకే నచ్చలేదు.

ఒకనాడు అతనే ఆమె గడప దగ్గరకు వచ్చాడు.

"అక్కా, ఉప్పునీళ్లు మాయమ్మకు పడల్యేదు. నా కడవ ఒక్కటి పట్టి పెట్టండి. నాది రాత్రి పని."

"రాత్రిపూట ఏం పనప్పా?"

అతను నోరు తెరిచాడు. ఆమె ఆగలేదు.

"తెల్లారి లేసినోళ్లకే నీళ్లు. పొద్దెక్కేదాకా పండుకునేటోళ్లకు పట్టిస్తే, రేపు వీధంతా పండుకుంటాది."

మాదన్న తలూపి వెళ్లిపోయాడు. అలా అన్నందుకు ఆమెకు లోపల కలుక్కుమంది. అయినా కట్టుబాటు కట్టుబాటే.

వారం తిరక్కుండానే అతను తల్లిని ఎద్దులబండిలో పడుకోబెట్టుకుని ఎమ్మిగనూరు వెళ్లిపోయాడు. అక్కడ మేనమామ పెరట్లో మంచినీళ్ల బావి ఉందట.

పీడ విరగడైందన్నారు కొందరు.

మరునాడు అయిదయింది. ఆరయింది. కొళాయిలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

మూడు రోజులు అదే వరస. చుట్టుపక్కల నాలుగు వీధులదీ అదే గతి. చెరువు ఎండిందన్నారు, వెళ్లి చూస్తే నీళ్లున్నాయి. గొట్టం పగిలిందన్నారు, అదీ బాగానే ఉంది. మాదన్నే ఏదో చేసి పోయాడని జయమ్మ అంది. నాలుగింటికి లేచి చేసేదేమిటో సావిత్రమ్మకు పాలుపోలేదు.

చివరికి ఇద్దరిని వెంటబెట్టుకుని ఊరి బయట పంపు షెడ్డుకు వెళ్లింది. లోపల ఇంజను ఆగి ఉంది. కాపలా ఉచ్చీరప్ప ఒక్కడే గడప మీద కూర్చున్నాడు.

నీళ్లెందుకు రావడం లేదని ఆమె గట్టిగానే నిలదీసింది.

"ఇంజను నడిపేటోడు పని ఇడిసి పోయినాడమ్మా. రాత్రంతా తోడితేనే కదా తెల్లారి మీకు నీళ్లు. ఇంకా కొత్తోడు రాల్యేదు."

"ఉన్నట్టుండి యాల పోయినాడు?"

"తెల్లారి ఒక్క అరగంట ఇంటికి పోయొస్తానని ఆఫీసరును అడిగినాడు. ఇంజను ఇడిసి పోతే ఎట్లని ఆయప్ప ఒప్పుకోల్యేదు."

ఆ అరగంటలో అంత ముంచుకొచ్చిన పనేమిటని సావిత్రమ్మ అడిగింది.

ఉచ్చీరప్ప ఆమెకేసి చూశాడు.

"ఏం లేదమ్మా, వాళ్ల వీధి కొళాయి కాడ నిలబడి వాళ్లమ్మకు ఒక్క కడవ మంచినీళ్లు పట్టుకోవల్లనంట."