పైనున్నవాళ్ళు ముందు

ఆ రోజు ఇంట్లో అమ్మ, పావని వదిన, నేను ఉన్నాం. ఊళ్ళో అందరిలాగే మేమూ ఇంట్లో కూర్చునే యంత్రాల చేతులు నడిపి, హిమాలయాల్లో మంచు కింద పడ్డవాళ్ళను తవ్వి తీస్తాం. పైనున్నవాళ్ళను ముందు తీయాలన్నది నియమం.

మధ్యాహ్నం మంచు విరిగిపడింది. తెర మీద రెండు చుక్కలు వెలిగాయి. పైనున్నది స్కీయింగుకు వచ్చిన ఎవరో యాత్రికుడు. బాగా లోతున ఉన్నది అతనికి దారి చూపడానికి వెళ్ళిన మా అన్నయ్య.

"ఓలమ్మీ, ముందు మీ అన్నని తియ్యే!" వదిన నా భుజం పట్టి కుదిపింది.

"పైనోడ్ని తియ్యి. నీ అన్నైనా అదే సేసీవోడు," అంది అమ్మ ఏడుస్తూ.

పైనున్నతన్ని తీశాను. అతను దగ్గి, తన స్కీలు ఎక్కడున్నాయని అడిగాడు. అన్నయ్యను చేరేసరికి ఊపిరి లేదు.

వదిన నన్ను వాకిట్లోకి నెట్టింది.

"నువ్వు బతికించినోడింటికే పో," అని తలుపు వేసేసింది.