స్వీటీ వాయించని పేజీ

"మళ్ళ ఉరికినవ్" అన్నాడు ప్రేమ్‌రాజ్.

నందు పియానో మీంచి చేతులు తీసి, చెమట పట్టిన అరచేతులను ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"గిది చూడు. దీన్ని రెస్ట్ అంటరు. అంటే వాయించకుండ ఆగాలె. ఖాళీ జాగ కాదిది. స్వరానికి ఎంత విలువుంటదో దీనికీ అంతే. ఆగాల్సిన కాడ ఆగకపోతే అది పాటనే కాదు."

"జీ సార్."

"పైన ఏం రాసున్నది?"

"అడాజియో సార్. అంటే నిమ్మళంగ."

"తెలుసు గదా. మరి ఏంది తొందర?"

నందు తల వంచుకుని మళ్ళీ మీటల మీద వేళ్ళు పెట్టాడు. ప్రేమ్‌రాజ్‌కు కోపం రాలేదు. ఏడాదిగా అతనికి కోపమే కాదు, ఏదీ రావడం లేదు. అన్నం పెడితే తింటున్నాడు. పొద్దున్నే ఆఫీసుకు పోతున్నాడు. ఆదివారం చర్చిలో క్వయర్ ముందు నిలబడి చేతులు ఊపుతున్నాడు. మత్తు సూది వేసిన చెయ్యిలాగా ఉంది మనసంతా. గిల్లినా తెలియదు.

రేపు కూతురు స్వీటీ జ్ఞాపకార్థ కూడిక. పిల్ల పోయి రేపటికి ఏడాది. పోయేనాటికి ఈ అడాజియో పాటే నేర్చుకుంటోంది. ఉన్నవి రెండే పేజీలు. మొదటిది వచ్చేసింది. రెండోది "వచ్చే వారం డాడీ" అంది. ఆ వారం రానే లేదు.

రేపైనా ఆ పాట చివరిదాకా వినాలి. ప్రేమ్‌రాజ్‌కు మిగిలిన కోరిక అదొక్కటే. తానే వాయిద్దామని కూర్చుంటే మొదటి పేజీ దాటి వేళ్ళు కదలవు. అందుకే రేపు కూడికలో నందు వాయిస్తాడు.

అయితే మాత్రం, క్వయర్‌లో వాయించే పిల్లలకు కరువొచ్చిందా? లోకులు పలుగాకులని ఊరికే అనలేదు. కిషన్‌బాగ్‌లో ఆ వీధి వీధంతా ఇదే లొల్లి. ఎక్కడి ప్రేమ్‌రాజ్, ఎక్కడి గౌలిపుర పాలవాళ్ళబ్బాయి నందు! చర్చి గుమ్మం తొక్కి ఎరగడు. పిల్లతో కలిసి చదివినవాడూ కాడు. ప్రేమ్‌రాజ్‌కు మతి చెడింది పాపం అని తేల్చేశారు.

నందు మొదటిసారి వచ్చింది వేసవిలో. షేర్ ఆటో దిగి గేటు బయటే చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వచ్చి, తల ఎత్తకుండా, "నన్ను ఏం జెయ్యమంటరో చెప్పుండ్రి సార్. ఏదైనా జేస్త" అన్నాడు.

ప్రేమ్‌రాజ్ అతని వంక చూశాడు. మూలనున్న పియానో చూపించి "అది నేర్చుకో" అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

ఆ రోజు నుంచీ నందు వస్తే చాలు, షారోన్ వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంటుంది. "నీ ఇష్టమున్నట్టు జేసుకో. నన్ను మాత్రం ఆ పిలగాని ముంగట కూసోమనకు" అని భర్తకు ఒక్కసారే చెప్పింది. బిడ్డ కూర్చున్న చోట పరాయివాడు కూర్చుంటే ఏ తల్లికి బాగుంటుంది అన్నారు ఇరుగుపొరుగు. ఈ ఒక్క మాటా కాస్త న్యాయంగానే అన్నారు.

ప్రేమ్‌రాజ్ ఓనమాల నుంచి మొదలుపెట్టాడు.

"మెల్లగ వాయిస్తే పియానో అంటరు. గట్టిగ వాయిస్తే ఫోర్టే. దీనికి ముందు హార్ప్సికార్డ్ అని ఉండె. దాని మీట ఎట్ల నొక్కినా ఒకటే మోత. బరోక్ కాలంల, అంటే మూడొందల ఏండ్ల కింద, ఎక్కువ దాని మీదనే వాయించేటోళ్ళు. తర్వాత ఇదొచ్చింది. మెల్లగంటే మెల్లగ, గట్టిగంటే గట్టిగ. క్లాసికల్ కాలపోళ్ళు దీన్ని పట్టుకున్నరు. వాళ్ళ ఎనుకొచ్చిన రొమాంటిక్ కాలపోళ్ళు మనిషి దుఃఖమంత దీంట్లనే పోసిన్రు."

"క్రెషెండో అంటే సార్?"

"కొంచెం కొంచెం పెంచుకుంట పోవుడు."

"పాలు పొంగినట్టా?"

"ఆఁ. పొంగి పొయ్యిల మాత్రం పడొద్దు."

ఇంకో కాలంలో అయితే ప్రేమ్‌రాజ్ ఈ మాటకు తానే నవ్వేవాడు. ఇప్పుడు పేజీ తిప్పాడు. నందు కూడా నవ్వలేదు.

అలా వేసవి పోయింది, వానలు పోయాయి. కూడిక రేపటికి వచ్చింది. నందు మాత్రం ఆ రెస్ట్ దగ్గర ఇంకా ఉరుకుతూనే ఉన్నాడు.

గేటు చప్పుడైంది. సోమశేఖర్ వచ్చాడు. సంఘ పెద్ద. రేపటి కూడిక నడిపేది ఆయనే.

"కూసో సోమన్నా" అన్నాడు ప్రేమ్‌రాజ్. "నందూ, మొదటి నుంచి."

నందు ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాడు. మొదటి పేజీ అయింది. పేజీ తిప్పాడు. ప్రేమ్‌రాజ్ పియానో అంచు పట్టుకున్నాడు.

రెస్ట్ వచ్చింది. నందు ఆగాడు. ఈసారి పూర్తిగా ఆగాడు. ఆ నిశ్శబ్దంలో వంటింటి తలుపు కిర్రుమంది.

మళ్ళీ స్వరం అందుకుంది. మెల్లగా, ఎక్కడా తొట్రుపడకుండా చివరిదాకా సాగింది. ఆఖరి స్వరం మీద ఫర్మాటా గుర్తు ఉంది. దాన్ని ఎంతసేపు పట్టి ఉంచాలన్నది వాయించేవాడి ఇష్టం. మోత మొత్తం అణిగేదాకా నందు వేలు తియ్యలేదు.

పాట విన్నాక ఏడుపు వస్తుందనుకున్నాడు ప్రేమ్‌రాజ్. రాలేదు. పట్టుకున్న పియానో అంచు మాత్రం వదల్లేదు. గుమ్మంలో షారోన్ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"మస్తు వాయించినవ్ తమ్మీ" అన్నాడు సోమశేఖర్ కళ్ళజోడు తుడుచుకుంటూ. తర్వాత ప్రేమ్‌రాజ్ వైపు తిరిగాడు. "అన్నా, నీకు ఎరుకే గదా. కూడికల ముంగటికి వచ్చేటోళ్ళు పాపకు ఏమైతరో నేను చెప్పి పిలవాలె. మేనత్తనో, దోస్తో, టీచరో. అది మన పద్ధతాయె. మరి ఈ తమ్మి ఏమైతడని చెప్పమంటవ్?"

ప్రేమ్‌రాజ్ నందు వైపు చూడలేదు.

"నా స్టూడెంట్ అని చెప్పు. చాలు."

"గట్ల వద్దు సార్" అంటూ నందు లేచి నిలబడి, "ఆ పొద్దు స్వీటీ స్కూటీని గుద్దినోణ్ణి నేనే అని చెప్పుండ్రి" అన్నాడు.